తెర ఎక్కడ ఆగింది? లినక్స్‌లో స్క్రీన్ రిఫ్రెష్ సమస్యల మూలం వెతికే పద్ధతి

టైప్ చేసిన అక్షరాలు తెర మీదికి రావు. మౌస్ కదపగానే నాలుగైదు అక్షరాలు ఒక్కసారిగా వచ్చి పడతాయి. ఇంకొకరి లాప్‌టాప్‌లో వీడియో నడుస్తుంటే బొమ్మ మధ్యలో అడ్డంగా చీలినట్టు కనిపిస్తుంది. మరొకరికి ఉన్నట్టుండి తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది. లినక్స్ వేసుకున్న మెషీన్‌లో వీటిలో ఏది కనిపించినా విశాఖలో ఎక్కువగా వినపడే సలహా ఒకటే: "డ్రైవర్ ప్రాబ్లమ్, ఫార్మాట్ కొట్టించెయ్." లాప్‌టాప్ కాస్త పాతదైతే "డిస్‌ప్లే పోయింది, మార్చాల్సిందే" అంటారు. మొదటి సలహా వింటే ఒక రోజు పోతుంది. రెండోది వింటే వేల రూపాయలు పోతాయి. అంతా అయ్యాక కూడా లోపం అలాగే ఉండిపోవచ్చు. ఎందుకంటే పైన చెప్పిన మూడూ ఒకే జబ్బు కాదు. అవి మూడు వేర్వేరు చోట్ల పుడతాయి, వాటికి మందూ వేరే.

ఈ విషయం ఇప్పుడు మాట్లాడుకోవాల్సిన అవసరం పెరిగింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సాధారణ మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 ఏమో, కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ 8వ తరం నుంచి పైన ఉన్న ప్రాసెసర్లనే అధికారికంగా ఒప్పుకుంటుంది. దాంతో 6, 7 తరాల ఆఫీసు లాప్‌టాప్‌లు పెద్ద సంఖ్యలో సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌లోకి వస్తున్నాయి. ద్వారకానగర్, డాబాగార్డెన్స్ షాపుల్లో అలాంటివి కొనుక్కుని ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు (డిస్ట్రోలు) ఎక్కించుకునే విద్యార్థులు మధురవాడ నుంచి గాజువాక దాకా ప్రతి కాలేజీలోనూ ఉంటారు. మెషీన్ మంచిదే, లినక్స్‌కి బాగా సరిపోయేదే. కానీ తెర రిఫ్రెష్ విషయంలో సరిగ్గా ఈ తరాలకే కొన్ని తెలిసిన ఇబ్బందులున్నాయి. వాటి సంగతి తెలియక పనికొచ్చే లాప్‌టాప్‌ని మూలన పడేయడం నిజంగా బాధ కలిగించే విషయం.

బొమ్మ నడిచే దారి

తెర మీద ఒక అక్షరం మారాలంటే చాలా చేతులు మారాలి. ముందు అప్లికేషన్ తన విండోని గీస్తుంది. గీయడానికి గ్రాఫిక్స్ చిప్ సాయం కావాలి కాబట్టి మెసా అనే లైబ్రరీల ద్వారా చిప్‌కి పని చెబుతుంది. ఎన్‌విడియా సొంత డ్రైవర్ ఉన్నచోట మెసా బదులు ఆ కంపెనీ లైబ్రరీలు ఈ పని చేస్తాయి. ఇలా తయారైన విండోలన్నిటినీ కలిపి ఒక పూర్తి తెరగా కూర్చేది కంపోజిటర్. గ్నోమ్ డెస్క్‌టాప్‌లో దాని పేరు మటర్, కేడీఈ డెస్క్‌టాప్‌లో కేవిన్. కూర్చిన బొమ్మ లినక్స్‌కి గుండెకాయ లాంటి కెర్నల్‌లో, గ్రాఫిక్స్‌ని చూసుకునే డీఆర్ఎం విభాగానికి చేరుతుంది. అక్కడ ఇంటెల్‌కి ఐ915, ఏఎండీకి ఏఎండీజీపీయూ లాంటి డ్రైవర్లు ఉంటాయి. ఫలానా బొమ్మను చూపించమని అవి చిప్‌లోని డిస్‌ప్లే ఇంజిన్‌కి చెబుతాయి. డిస్‌ప్లే ఇంజిన్ మెమరీలోంచి ఆ బొమ్మను చదివి, కేబుల్ మీదుగా ప్యానెల్‌కి పంపుతుంది.

కాబట్టి "గ్రాఫిక్స్ డ్రైవర్" అని మనం ఒక్కమాటలో అనేది నిజానికి ఒక్కటి కాదు. కెర్నల్‌లో ఒక ముక్క, దాని బయట మెసా రూపంలో ఇంకో ముక్క ఉంటాయి. విండోలను తెర మీద చూపించే పాత వ్యవస్థ ఎక్స్ సర్వర్‌ని వాడే డెస్క్‌టాప్ అయితే అందులో మూడో ముక్క కూడా ఉంటుంది. 2009లో ఇంటెల్ చిప్పులతో మొదలుపెట్టి తెర మోడ్‌ని నిర్ణయించే పనిని ఎక్స్ సర్వర్ నుంచి కెర్నల్‌కి మార్చారు. అప్పటి నుంచి ఈ విభజన స్థిరపడింది. "డ్రైవర్ అప్‌డేట్ చేశాను, అయినా పోలేదు" అన్నప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: అప్‌డేట్ అయింది ఏ ముక్క?

ఇక సమయం సంగతి. 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లు, అంటే దాదాపు ప్రతి 16.67 మిల్లీసెకన్లకు ఒకసారి కొత్తగా గీయబడుతుంది. దీన్ని ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి టైముకి కచ్చితంగా కదిలే బస్సు అనుకోవచ్చు. బొమ్మ ఆ లోపు సిద్ధమైతే ఎక్కుతుంది, లేకపోతే తర్వాతి బస్సు దాకా ఆగాలి. తెరని ఒకసారి పూర్తిగా గీయడానికీ మళ్లీ గీయడం మొదలుపెట్టడానికీ మధ్య ఉండే చిన్న విరామాన్నే వర్టికల్ బ్లాంక్ అంటారు. బొమ్మ మార్పిడి ఆ విరామంలోనే జరగాలి. తెర సగం గీశాక మార్చేస్తే పైభాగంలో పాత ఫ్రేమ్, కింద కొత్త ఫ్రేమ్ కనిపిస్తాయి. దాన్నే టేరింగ్ అంటారు. అసలు మార్పే జరగకపోతే తెర స్టక్ అవుతుంది. మధ్యలో డేటా అందకపోతే ఫ్లికరింగ్ వస్తుంది. లక్షణాన్ని సరిగ్గా గుర్తుపట్టడంతోనే సగం పని అయిపోతుంది.

స్క్రీన్‌షాట్ చెప్పే సాక్ష్యం

ఈ దారిలో లోపం ఎక్కడుందో తేల్చడానికి ఖర్చు లేని, అతి బలమైన పరీక్ష స్క్రీన్‌షాట్. స్క్రీన్‌షాట్ అంటే కంపోజిటర్ కూర్చిన బొమ్మను తీసుకోవడమే తప్ప ప్యానెల్ మీద కంటికి కనిపించేదాన్ని తీసుకోవడం కాదు. తెర మీద చెత్త గీతలు, చెదిరిన ముక్కలు కనిపిస్తున్నప్పుడు స్క్రీన్‌షాట్ తీసి, ఆ ఫైల్‌ని ఫోన్‌కి పంపి చూడాలి. ఫైల్‌లోనూ అవే గీతలుంటే తప్పు అప్లికేషన్, మెసా, కంపోజిటర్‌లలో ఎక్కడో ఉంది. ఫైల్ శుభ్రంగా ఉంటే తప్పు వాటి తర్వాతి దశల్లో, అంటే డిస్‌ప్లే ఇంజిన్, కేబుల్, ప్యానెల్ వైపు ఉంది.

తెర ఆగిపోయే రకం సమస్యకి మాత్రం ఇక్కడొక జాగ్రత్త కావాలి. ప్రింట్‌స్క్రీన్ కీ నొక్కగానే ఇప్పటి డెస్క్‌టాప్‌లు తెర మీద ఒక చిన్న మెనూ తెరుస్తాయి. దాంతో తెర మొత్తం మళ్లీ గీయబడి, పట్టుకోవాల్సిన లోపమే మాయమవుతుంది. అందుకని స్క్రీన్‌షాట్ ప్రోగ్రామ్‌లో 5 సెకన్ల ఆలస్యం పెట్టి, ఆ లోపు లోపం వచ్చేలా చేసి, అదే క్షణంలో ఫోన్‌తో తెరని ఫొటో తీయాలి. ఫొటోలో అక్షరాలు లేవు, స్క్రీన్‌షాట్‌లో ఉన్నాయి అంటే కంపోజిటర్ తన పని తాను చేసిందన్నమాట. బొమ్మ ప్యానెల్ దాకా చేరలేదు. ఇంతకంటే స్పష్టమైన ఆధారం మామూలు యూజర్‌కి దొరకదు. టేరింగ్‌కి ఈ పరీక్ష పనికిరాదు, అది స్క్రీన్‌షాట్‌లోకి ఎక్కదు.

దీనికి తోడు ఇంకో రెండు పరీక్షలు చాలు. ఒకటి, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కి టెక్స్ట్ కన్సోల్‌కి వెళ్లి, తిరిగి ఎఫ్1 లేదా ఎఫ్2తో (మింట్‌లో ఎఫ్7తో) రావడం. కన్సోల్ బాగానే వస్తే కెర్నల్ బతికే ఉంది, తెరని నడుపుతూనే ఉంది. తిరిగి వచ్చాక డెస్క్‌టాప్ కూడా కదిలితే, మెషీన్ హ్యాంగ్ కాలేదు, బొమ్మ మార్పిడి ఒక్కటే ఎక్కడో చిక్కుకుంది. రెండోది, బయటి మానిటర్ తగిలించి చూడటం. లాప్‌టాప్ సొంత తెర మీద మాత్రమే లోపం ఉండి, మానిటర్ మీద లేకపోతే అనుమానం చాలావరకు ప్యానెల్‌కీ, దాని కేబుల్‌కీ, ప్యానెల్‌తో డ్రైవర్ మాట్లాడే తీరుకీ తగ్గిపోతుంది.

ప్యానెల్ నిద్రపోయినప్పుడు

మౌస్ కదిపితేనే తెర మారడం అనే లక్షణానికి ఇంటెల్ లాప్‌టాప్‌లలో అందరికంటే ముందు అనుమానించాల్సింది ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్‌ని. డెవలపర్లు దీన్ని పీఎస్ఆర్ అంటారు. ఆలోచన మంచిదే. చదువుకుంటున్న పేజీ కదలకుండా ఉన్నప్పుడు అదే బొమ్మను సెకనుకు 60 సార్లు పంపడం కరెంటు వృథా. అందుకని ప్యానెల్‌లోనే కొంచెం మెమరీ పెట్టి, బొమ్మ మారనంతసేపూ ప్యానెల్ తనంతట తానే ఆ మెమరీలోంచి చూపించుకునేలా చేశారు. ఆ సమయంలో గ్రాఫిక్స్ చిప్ నుంచి ప్యానెల్‌కి వెళ్లే లింక్ నిద్రపోతుంది. బ్యాటరీ మిగులుతుంది.

చిక్కు నిద్ర లేపడంలో ఉంది. తెర మీద ఏదైనా మారగానే డ్రైవర్ దాన్ని గమనించి ప్యానెల్‌ని లేపాలి. ఆ మార్పు డ్రైవర్ దృష్టికి రాకపోయినా, ప్యానెల్ సరిగ్గా స్పందించకపోయినా పాత బొమ్మే నిలిచిపోతుంది. మౌస్ పాయింటర్‌ని చాలా చిప్పుల్లో డిస్‌ప్లే ఇంజిన్ వేరే పొరగా చూపిస్తుంది. అది కదలగానే హార్డ్‌వేర్ తప్పనిసరిగా మేలుకుంటుంది. అందుకే మౌస్ కదిపితే అంతా ఒక్కసారిగా వస్తుంది. పీఎస్ఆర్2 అనే తర్వాతి రకంలో తెర మొత్తం కాకుండా మారిన భాగాన్ని మాత్రమే పంపుతారు. అక్కడ లెక్క తప్పితే తెర మీద ఒక పట్టీ మేర పాత బొమ్మ మిగిలిపోతుంది.

దీని చరిత్ర కూడా సాఫీగా సాగలేదు. సమస్యలు ఎక్కువై 2016లో ఇంటెల్ లినక్స్ డెవలపర్లే పీఎస్ఆర్‌ని డీఫాల్ట్‌గా ఆపేశారు. కోడ్‌ని బాగుచేసి 2018లో 9వ తరం గ్రాఫిక్స్ నుంచి మళ్లీ ఆన్ చేశారు. ఆ 9వ తరం గ్రాఫిక్స్ మొదలయ్యేది 6వ తరం కోర్ ప్రాసెసర్లతోనే. అంటే ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతున్న లాప్‌టాప్‌లే ఇవి.

సెకండ్‌హ్యాండ్ అన్నప్పుడు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. అలాంటి లాప్‌టాప్‌లలో చాలావాటికి అమ్మేముందే తెర మార్చి ఉంటారు. కొత్తగా వేసిన ప్యానెల్ కొలతలోనూ, కనెక్టర్‌లోనూ సరిపోతుంది గానీ, అందులోని ఎలక్ట్రానిక్స్ కంపెనీ మొదట వేసిన ప్యానెల్‌లో ఉన్నవి కాకపోవచ్చు. పీఎస్ఆర్ విషయంలో రెండు ప్యానెల్‌లు ఒకేలా ప్రవర్తించాలని లేదు. ఒకే మోడల్ లాప్‌టాప్, ఒకే ఉబుంటు, ఒకరికి బాగా నడుస్తుంది, పక్క గదిలో వాళ్లకి స్టక్ అవుతుంది అన్న చిక్కుముడికి చాలాసార్లు ఇదే సమాధానం. ప్యానెల్ తయారీదారు, మోడల్ వివరాలు ఈడీఐడీ అనే చిన్న డేటాలో ఉంటాయి. దాన్ని చదివి చూపించే టూల్స్ లినక్స్‌లో ఉన్నాయి. రెండు మెషీన్లవి పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది.

పరీక్షించడం తేలిక. మెషీన్ ఆన్ చేసేటప్పుడు ఏ సిస్టమ్ బూట్ చేయాలో అడిగే గ్రబ్ మెనూలో ఉబుంటు లేదా మింట్ వరస మీద నిలబడి ఈ అనే ఇంగ్లిష్ అక్షరం నొక్కాలి. తెరుచుకున్న వాక్యాల్లో లినక్స్ అనే మాటతో మొదలయ్యే వరస చివర ఒక ఖాళీ వదిలి ఐ915 డాట్ ఎనేబుల్ అండర్‌స్కోర్ పీఎస్ఆర్ ఈక్వల్స్ 0 అని చేర్చి, కంట్రోల్ ఎక్స్ నొక్కితే బూట్ అవుతుంది. కీబోర్డు మీద ఇదంతా ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీలు లేకుండా కొట్టాలి. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తిస్తుంది. ఏదైనా తేడా వస్తే రీస్టార్ట్ చేస్తే పోతుంది కాబట్టి టెన్షన్ పడాల్సిన పని లేదు. ఆ బూట్‌లో రోజంతా పనిచేసినా లోపం రాకపోతే కారణం దొరికినట్టే. అప్పుడు అదే మాటను గ్రబ్ సెట్టింగుల ఫైల్‌లో శాశ్వతంగా రాసి, అప్‌డేట్ గ్రబ్ కమాండ్ నడపాలి.

ఏఎండీ లాప్‌టాప్‌లలోనూ పీఎస్ఆర్ ఉంది. అక్కడ దాన్ని ఆపే మాట ఏఎండీజీపీయూ డాట్ డీసీడీబగ్‌మాస్క్ ఈక్వల్స్ 0ఎక్స్10. ఏఎండీ మీద వచ్చే ప్రతి ఫ్లికరింగ్‌కీ ఇదే కారణం కాదు. మెయిన్ మెమరీనే వాడుకునే ఏఎండీ చిప్పుల్లో, కెర్నల్ 6.1, 6.2 కాలంలో, తెర తెల్లబడటం, మినుకు మినుకుమనడం లాంటివి స్కాటర్ గ్యాదర్ డిస్‌ప్లే అనే సదుపాయం వల్ల వచ్చాయి. దాన్ని ఆపడానికి ఏఎండీజీపీయూ డాట్ ఎస్‌జీ అండర్‌స్కోర్ డిస్‌ప్లే ఈక్వల్స్ 0 వాడారు. రెండు మాటలూ ఒకేసారి పెట్టేస్తే తెర బాగుపడొచ్చు గానీ ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒక బూట్‌కి ఒక మార్పే చేయాలి.

అసలు డ్రైవర్ ఎక్కిందా?

తెర నత్తనడక నడుస్తుంటే, విండో లాగినప్పుడల్లా వెనకాల మరకలా సాగుతుంటే, రిఫ్రెష్ రేట్ మార్చుకునే సెట్టింగే కనిపించకపోతే కథ వేరే. గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయడం లేదు, ప్రాసెసరే మొత్తం బొమ్మలు గీస్తోంది అని అర్థం. జీఎల్ఎక్స్ఇన్ఫో కమాండ్‌ని బి (పెద్ద అక్షరం) ఆప్షన్‌తో నడిపితే వచ్చే సమాచారంలో రెండరర్ అన్న చోట ఎల్ఎల్‌వీఎంపైప్ అని ఉంటే అదే సంగతి. మింట్ వాళ్లు సిస్టమ్ రిపోర్ట్స్‌లో కూడా ఇది చూడొచ్చు. ఎల్ఎస్‌పీసీఐ కమాండ్‌ని కె ఆప్షన్‌తో నడిపితే గ్రాఫిక్స్ చిప్ కింద "వాడుకలో ఉన్న కెర్నల్ డ్రైవర్" ఏదో చెబుతుంది. ఆ వరసే లేకపోతే డ్రైవర్ ఎక్కలేదు.

దీనికి తరచూ కనిపించే కారణం, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు నల్ల తెర వస్తే దాటడానికి పెట్టిన నోమోడ్‌సెట్ అనే మాట అలాగే మిగిలిపోవడం. అది కెర్నల్‌లోని అసలు గ్రాఫిక్స్ డ్రైవర్లను పక్కన పెట్టేస్తుంది. ఇన్‌స్టాలేషన్ వరకే దాని అవసరం. తర్వాత తీసేయాలి. ఎన్‌విడియా ఉన్నవాళ్లకి ఇంకో రెండు కారణాలుంటాయి. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు దానికి తగ్గ హెడర్ ఫైళ్లు లేకపోతే, డీకేఎంఎస్ అనే టూల్ కొత్త కెర్నల్ కోసం ఎన్‌విడియా మాడ్యూల్‌ని (కెర్నల్‌లో చేరే డ్రైవర్ ముక్కని) మళ్లీ తయారు చేయలేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే, తయారైన మాడ్యూల్‌కి నమ్మకమైన సంతకం లేదని కెర్నల్ దాన్ని లోపలికి రానివ్వదు. ఇన్‌స్టాల్ చేశాక మొదటి రీస్టార్ట్‌లో వచ్చే నీలం తెరలో కీ నమోదు చేయాలి. అదేమిటో అర్థం కాక చాలామంది కంటిన్యూ నొక్కేసి దాటిపోతారు. డ్రైవర్ ఇన్‌స్టాల్ అయినట్టే కనిపించి పనిచేయకపోవడానికి ఇది పెద్ద కారణం.

పాత చిట్కాలు చేసే నష్టం గురించి కూడా చెప్పాలి. ఎక్స్ సర్వర్ వాడే డెస్క్‌టాప్‌లలో ఇంటెల్ కోసం ఒకప్పుడు ప్రత్యేక డ్రైవర్ ఉండేది. టేరింగ్ పోవాలంటే ఒక ఫైల్ తయారుచేసి, అందులో ఇంటెల్ అని రాసి, టేర్‌ఫ్రీ ఆన్ చేయమని చెప్పేవాళ్లు. ఆ డ్రైవర్ 2.99.917 అనే ప్రయోగ వెర్షన్ 2014 డిసెంబరులో వచ్చింది. దానిమీద స్థిరమైన విడుదల ఆ తర్వాత రాలేదు. డెబియన్, ఉబుంటు 2016లోనే చాలా ఇంటెల్ చిప్పులకి దాన్ని వదిలి మోడ్‌సెట్టింగ్ అనే సాధారణ డ్రైవర్‌కి మారాయి. ఇప్పటికీ పాత సలహా చూసి ఆ ఫైల్ పెట్టుకుంటే టేరింగ్ పోవచ్చు, దాని బదులు తెర మీద చెదిరిన ముక్కలు, ఆగిపోయే విండోలు రావచ్చు. సిన్నమన్ డెస్క్‌టాప్‌తో వచ్చే మింట్ డీఫాల్ట్‌గా ఎక్స్ మీదే నడుస్తుంది కాబట్టి మింట్ వాడేవాళ్లు ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ డాట్ డీ ఫోల్డర్‌లో ఎప్పుడో పెట్టిన ఇంటెల్ ఫైల్ ఉందేమో ముందు చూసుకోవాలి. ఉంటే పక్కకి జరిపి చూడటమే మంచి పరీక్ష.

లోపం ఒక్క బ్రౌజర్‌లోనో, వీఎస్ కోడ్‌లోనో మాత్రమే ఉంటే సిస్టమ్ డ్రైవర్ల జోలికి పోనక్కరలేదు. మెసా అప్‌డేట్ అయ్యాక ఈ ప్రోగ్రామ్‌లు దాచుకున్న పాత జీపీయూ క్యాష్ సరిపడక విండో చెదిరిపోవడం తెలిసిన విషయమే. ఆ క్యాష్ ఫోల్డర్ తీసేస్తే సరిపోతుంది. పోకపోతే ఆ ప్రోగ్రామ్‌లోనే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడాలి.

ఎన్‌విడియా, వేలాండ్

గేమింగ్ లాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటాయి. సొంత తెర మామూలుగా ఇంటెల్ లేదా ఏఎండీ చిప్‌కి కలిసి ఉంటుంది. హెచ్‌డీఎంఐ పోర్టు చాలా మోడళ్లలో నేరుగా ఎన్‌విడియాకి వెళుతుంది. ఒక చిప్ గీసిన బొమ్మను ఇంకో చిప్ చూపించాలి కాబట్టి ఇద్దరి టైమింగ్ కలవకపోతే టేరింగ్, తడబాటు తప్పవు. ఎక్స్ మీద ఈ రెండిటి టైమింగ్ కలవాలంటే ఎన్‌విడియా డీఆర్ఎం మోడ్‌సెట్ అనే డ్రైవర్ సెట్టింగ్ ఆన్‌లో ఉండాలి. ఎన్‌విడియా ఒక్కటే ఉన్న డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఎక్స్ మీద టేరింగ్ వస్తే, ఎన్‌విడియా సెట్టింగ్స్‌లో ఫోర్స్ కంపోజిషన్ పైప్‌లైన్ అనే గడి టిక్ చేస్తే సాధారణంగా పోతుంది. గేమ్‌ల వేగం మాత్రం కొంచెం తగ్గొచ్చు.

ఎక్స్ స్థానంలో వచ్చిన కొత్త పద్ధతి వేలాండ్. దాని మీద ఎన్‌విడియా సమస్య ఇంకో రకం. టైప్ చేసిన అక్షరం కనిపించి, మాయమై, మళ్లీ కనిపిస్తుంది. పాత ఫ్రేమ్ మెరుపులా వచ్చి పోతుంది. ముఖ్యంగా పాత ఎక్స్ పద్ధతిలో రాసిన, వేలాండ్‌లో ఎక్స్‌వేలాండ్ ద్వారా నడిచే ప్రోగ్రామ్‌లలో ఇది బాగా వేధించింది. కారణం లోతైనది. ఇంటెల్, ఏఎండీ ఓపెన్ డ్రైవర్లలో బొమ్మ గీయడం పూర్తయిందా లేదా అన్న కబురును కెర్నలే లోపల్లోపల మోసుకెళ్తుంది. కంపోజిటర్ అడగకపోయినా బొమ్మ పూర్తయ్యేదాకా ఆగుతుంది. ఎన్‌విడియా డ్రైవర్ ఆ పద్ధతికి మద్దతు ఇవ్వలేదు. దాంతో గీయడం ఇంకా ముగియని బొమ్మనే కంపోజిటర్ చూపించేసేది. కబురును బాహాటంగా చేతులు మార్చే ఎక్స్‌ప్లిసిట్ సింక్ పద్ధతి 2024లో వేలాండ్ ప్రోటోకాల్స్‌లోకి వచ్చింది. ఎన్‌విడియా డ్రైవర్ 555, ఎక్స్‌వేలాండ్ 24.1, గ్నోమ్ 46.1, కేడీఈ ప్లాస్మా 6.1లతో అది మామూలు యూజర్‌కి అందింది.

ఇక్కడ ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఈ లోపం సెట్టింగులు మార్చితే పోయేది కాదు. డ్రైవర్, ఎక్స్‌వేలాండ్, డెస్క్‌టాప్ మూడూ కొత్తవైతేనే పోతుంది. డ్రైవర్ ఒక్కటి కొత్తది వేసి, డెస్క్‌టాప్ పాతదే ఉంచితే అక్షరాలు మాయమవుతూనే ఉంటాయి. ఇలాంటప్పుడు డిస్ట్రో కొత్త వెర్షన్‌కి వెళ్లడమే సరైన నిర్ణయం. అది వీలు కాకపోతే, లాగిన్ తెరలో ఎక్స్ సెషన్ ఎంచుకోవడం అప్పటికి మంచిదే. కానీ ఉబుంటు 25.10లో గ్నోమ్‌కి ఆ సెషనే తీసేశారు, ఆ వెసులుబాటు ఎల్లకాలం ఉండదు. పాత కార్డులున్నవాళ్లు దీనికి ఎదురు దిశలో జాగ్రత్తపడాలి. మాక్స్‌వెల్, పాస్కల్ తరాల కార్డులకి ఎన్‌విడియా 580 శాఖే చివరిది. అంతకంటే కొత్త డ్రైవర్ ఎక్కిస్తే ఆ కార్డు గుర్తింపులోకే రాదు.

కేబుల్, పోర్టు, కరెంటు

బయోస్ తెరలోనే, లినక్స్ ఇంకా మొదలుకాకముందే గీతలు వస్తుంటే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించడం దండగ. మూత వంచే కోణం మారినప్పుడల్లా ఫ్లికరింగ్ పెరిగి తగ్గుతుంటే హింజ్ దగ్గర నలిగిన డిస్‌ప్లే కేబుల్ ఉంది. ప్యానెల్ మొత్తం మార్చే ముందు ఆ కేబుల్ ఒక్కటే మార్చి చూడమని షాపులో పట్టుబట్టాలి. సముద్రం పక్క ఊళ్లో ఉప్పుగాలి, తేమ కలిసి లోహపు కాంటాక్టులను తొందరగా తినేస్తాయి. బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఋషికొండ వైపు కిటికీ పక్కన ఏళ్ల తరబడి ఉన్న మానిటర్‌లో వచ్చే తళతళలకి డ్రైవర్ కంటే హెచ్‌డీఎంఐ పోర్టునే ముందు చూడాలి. కేబుల్ మార్చి, పోర్టు మార్చి చూడటానికి నిమిషం చాలు.

144 హెర్ట్జ్ మానిటర్ 60 దగ్గరే ఆగిపోతే, 4కే టీవీ 30కి మించకపోతే, చాలాసార్లు కారణం కేబులో, మధ్యలో పెట్టిన కన్వర్టరో అయి ఉంటుంది. హెచ్‌డీఎంఐ 1.4లో 4కేకి 30 హెర్ట్జ్ దాకానే దారి ఉంది. 60 కావాలంటే 2.0 కావాలి, చిప్, కేబుల్, టీవీ మూడింటికీ. చవక వీజీఏ కన్వర్టర్లు ఈడీఐడీని మోయకపోతే, తెర గురించి ఏమీ తెలియని లినక్స్ 1024 బై 768 దగ్గర ఆగిపోతుంది. క్లాస్‌రూమ్ ప్రొజెక్టర్ల దగ్గర ఇది తరచూ ఎదురవుతుంది. ఏఎండీ కార్డుకి 4కే 120 కావాలంటే డిస్‌ప్లేపోర్ట్ వాడటం నయం. ఓపెన్ డ్రైవర్‌లో హెచ్‌డీఎంఐ 2.1 పెట్టడానికి ఏఎండీ చేసిన ప్రతిపాదనను హెచ్‌డీఎంఐ ఫోరమ్ ఒప్పుకోలేదని 2024లో బయటికొచ్చింది.

ఛార్జర్ తీసేస్తే లోపం పోయింది అంటే కరెంటుదే తప్పు అని తేల్చేయకూడదు. ఛార్జర్ తీయగానే లాప్‌టాప్ పవర్ ప్రొఫైల్ కూడా మారుతుంది. కొన్ని మోడళ్లు రిఫ్రెష్ రేట్ తగ్గిస్తాయి. ఏఎండీ లాప్‌టాప్‌లలో బ్యాటరీ ఆదా కోసం బ్యాక్‌లైట్ తగ్గించి రంగులు సర్దే సదుపాయం పనిలోకి దిగి, తెర వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ముందు పవర్ మోడ్‌ని బ్యాటరీ మీదా, ఛార్జర్ మీదా ఒకేలా పెట్టి, ఆ తర్వాత ఛార్జర్ తీసి చూస్తేనే పరీక్షకి విలువ.

లాగ్ చదవడం, కబురు చేరవేయడం

లోపం వచ్చి మెషీన్ రీస్టార్ట్ చేయాల్సి వస్తే, పోయిన బూట్ లాగ్ పోదు. చాలా డిస్ట్రోలలో అది డిస్క్ మీద భద్రంగా ఉంటుంది, జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో చదవొచ్చు. కిందటి బూట్‌కి సంబంధించిన కెర్నల్ సందేశాల్లో లోపం వచ్చిన నిమిషం దగ్గర వెతకాలి. ఫ్లిప్ డన్ టైమ్డ్ అవుట్ అని ఉంటే, బొమ్మ మార్చమని చెప్పాక మార్పు పూర్తయిందన్న జవాబు కెర్నల్‌కి రాలేదు. ఫిఫో అండర్‌రన్ అని ఉంటే డిస్‌ప్లే ఇంజిన్‌కి మెమరీ నుంచి డేటా సమయానికి అందలేదు, తెర మినుకుమనడానికి అదే కారణం కావచ్చు. బూట్ అయ్యేటప్పుడు ఒకసారి వచ్చి పోయే అండర్‌రన్‌ని మాత్రం పట్టించుకోనక్కరలేదు. జీపీయూ హ్యాంగ్ లేదా రింగ్ టైమ్‌అవుట్ అని ఉంటే చిప్‌కి ఇచ్చిన పనే ముగియలేదు. అప్పుడు డిస్‌ప్లే సెట్టింగులతో కుస్తీ పట్టడం మాని మెసా, కెర్నల్, ఫర్మ్‌వేర్ ప్యాకేజీల వైపు చూడాలి. లాగ్‌లో ఏమీ లేకపోవడం కూడా సమాచారమే. పీఎస్ఆర్ రకం లోపాల్లో తరచూ అలాగే ఉంటుంది, ఎందుకంటే డ్రైవర్ దృష్టిలో అంతా సవ్యంగానే జరిగింది.

మొన్నటిదాకా బాగుండి అప్‌డేట్ తర్వాత చెడితే, గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ కింద పాత కెర్నల్ ఇంకా ఉంటుంది. దానితో బూట్ చేసి చూడాలి. పాతదానిలో బాగుంటే దోషం కెర్నల్ వైపుదే అని దాదాపు తేలిపోతుంది. ఇది ఎదురు దిశలోనూ పనిచేస్తుంది. ఇప్పుడున్న సిస్టమ్‌ని ముట్టుకోకుండా, ఫెడోరా అనే ఇంకో డిస్ట్రో కొత్త వెర్షన్‌ని పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా నడిపితే, లోపం ఇప్పటికే ఎవరైనా సరిచేశారో లేదో పావుగంటలో తెలుస్తుంది. ఫార్మాట్ కొట్టించే ముందు చేయాల్సిన పని ఇదే.

పీఎస్ఆర్ ఆపేసి హాయిగా పనిచేసుకోవడంలో తప్పు లేదు, కానీ దానికి బ్యాటరీ రూపంలో ధర చెల్లిస్తున్నట్టే. కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ కాకపోయినా, డిస్ట్రో పెద్ద అప్‌గ్రేడ్ చేసినప్పుడల్లా ఆ మాట తీసేసి ఒకసారి చూడటం మంచిది. పోకపోతే ఆ సంగతి డ్రైవర్ రాసేవాళ్లకి చెప్పాలి. కొన్ని ప్యానెల్‌లకీ, కొన్ని లాప్‌టాప్‌లకీ మాత్రమే వర్తించే మినహాయింపుల జాబితాలు కెర్నల్ డ్రైవర్లలో ఉంటాయి. వాటిలో ఒక వరస చేరాలంటే ఆ మెషీన్ చేతిలో ఉన్న మనిషే చెప్పాలి. ఇంటెల్, ఏఎండీ కెర్నల్ డ్రైవర్ల లోపాలను ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్ వెబ్‌సైట్‌లో నమోదు చేయొచ్చు. లాప్‌టాప్ మోడల్, ఈడీఐడీ, కెర్నల్ వెర్షన్, ఏ ఒక్క మార్పుతో లోపం పోయింది, స్క్రీన్‌షాట్‌కీ ఫోన్ ఫొటోకీ తేడా ఏమిటి అన్న వివరాలు ఇస్తే డెవలపర్ల పని చాలావరకు తేలికవుతుంది. ప్యానెల్ మార్చిన సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ అయితే ఆ మాట మొదటి వరసలోనే రాయాలి, లేకపోతే వాళ్లు ఇంకో ప్యానెల్ మీద పరీక్షించి, లోపం కనిపించడం లేదని మూసేస్తారు.